గుండె బరువును పాటగా కట్టడం ఎలా

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో పాటను రాశారని అనరు, కట్టారని అంటారు. గడ్డిమోపు కట్టినట్టు, పూలదండ కట్టినట్టు, ఇల్లు కట్టినట్టు పాట కూడా కట్టేదే. నాటు వేసే వరుసలో వంగి ఉన్న ఒకామె పాత పాట బాణీలోకి తన ఇంటి మాట ఒకటి కలిపి ఎత్తుకుంటే, పక్కనున్న వారు ఆ చరణాన్ని అందుకొని తిరిగి పాడితే, అక్కడ ఒక కొత్త పాట పుట్టినట్టే. ఆమెకు కలం అక్కరలేదు, హార్మోనియం అక్కరలేదు, సంగీతం నేర్పిన గురువు అక్కరలేదు. అలాంటి పాటను జీవితంలో మొదటిసారి కట్టదలచుకున్న వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ముఖ్యంగా నిద్ర పట్టనివారు, ఆప్తులను పోగొట్టుకున్నవారు, పిల్లలు హైదరాబాదుకో విదేశాలకో వెళ్ళిపోగా ఇంట్లో మాట కరువైనవారు, పగలంతా పనిచేసి రాత్రంతా ఆలోచనలతో నలిగేవారు దీన్ని ఒక నెల రోజులు ప్రయత్నించి చూడాలని నా కోరిక.

ముందుగా ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. పాట మందుకు బదులు కాదు. బీపీ మాత్ర గానీ, షుగర్ మాత్ర గానీ, మానసిక వైద్యులు ఇచ్చిన మందు గానీ పాట మొదలుపెట్టామని మానకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన ఒక నివేదిక 3000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, సంగీతం, రచన, నృత్యం వంటి కళలు జబ్బులను దూరంగా ఉంచడంలోనూ, వచ్చిన జబ్బుతో నెట్టుకురావడంలోనూ తోడ్పడతాయని తేల్చింది. ఆ అధ్యయనాలన్నీ ఒకే బలం గలవి కావు. అయితే నేను చూసినంతలో పాట కట్టడం వల్ల వచ్చే మేలు పాట గొప్పదనం నుంచి రాదు. చెల్లాచెదురుగా ఉన్న బాధకు మాట దొరకడం, ఆ మాట ఒక లయలో ఒదగడం, ఆ లయ ఊపిరితో కలిసి బయటికి వచ్చి ఇంకొకరి చెవిన పడడం, ఈ పనుల నుంచే వస్తుంది. ఈ నేల పెద్ద పెద్ద వాగ్గేయకారులను కన్నది కాబట్టి వారితో పోల్చుకొని వెనుకాడేవారు చాలామంది ఉన్నారు. ఆ పోలికను ఈ నెల రోజులూ పక్కన పెట్టండి.

మొదటి వారం: మిమ్మల్ని మీరు గమనించుకోండి

వంద పేజీల నోట్‌బుక్ ఒకటి కొనుక్కోండి. మొదటి ఏడు రోజులూ అందులో పాట ఏమీ రాయవద్దు. ప్రతి ఉదయం రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో రాసుకోండి. ప్రతి సాయంత్రం ఆ రోజు మనసు బరువుకు 0 నుంచి 10 వరకు ఒక అంకె వేయండి. 0 అంటే తేలికగా ఉన్నట్టు, 10 అంటే మోయలేనట్టు. ఇంట్లో బీపీ చూసుకునే యంత్రం ఉంటే వారానికి రెండుసార్లు ఒకే వేళలో చూసి ఆ అంకెలూ వేసుకోండి. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది గానీ, నెల తరువాత పాట వల్ల మీకు మేలు జరిగిందో లేదో చెప్పేది ఈ అంకెలే.

రాయడం రానివారు, చూపు ఆననివారు ఫోన్‌లోని రికార్డర్‌లో అదే సంగతి చెప్పి పెట్టుకోవచ్చు. మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకొని రాయించుకుంటే మరీ మంచిది.

తరువాతి నాలుగు రోజులు: పాట జోలికి పోకుండా రాయండి

1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కళాశాల విద్యార్థులతో ఒక ప్రయోగం చేశాడు. కొందరిని వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమ జీవితంలో అన్నిటికంటే ఎక్కువ బాధించిన సంగతిని, దాని వెనుక ఉన్న భావాలతో సహా రాయమన్నాడు. మరికొందరిని మామూలు విషయాలు రాయమన్నాడు. బాధను, భావాన్ని కలిపి రాసినవారు ఆ తరువాతి నెలల్లో విద్యార్థుల వైద్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. అయితే రాసిన వెంటనే మాత్రం వారి మనసు మరింత బరువెక్కింది, రక్తపోటు కూడా కొంత పెరిగింది. తరువాత జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఈ మేలు సగటున చిన్నదేనని తేలింది; చిన్నదైనా ఖర్చు లేనిది.

మీరు కూడా అలాగే నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, అక్షరదోషాలను పట్టించుకోకుండా, ఎవరికీ చూపించనక్కరలేదన్న ధైర్యంతో రాయండి. పడుకోబోయే ముందు రాయవద్దు. రాసిన తరువాత కాసేపు మనసు బరువుగా ఉంటుందని ఇప్పుడే చెప్పుకున్నాం కాబట్టి, సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో రాసి, ఆ వెంటనే చెరువు కట్ట మీదుగానో ఊరి చివరి దాకానో నడిచి రండి. బీపీ ఎక్కువగా ఉన్నవారు ఈ నడకను తప్పక పాటించాలి. ఇంట్లో మరణం జరిగి కొన్ని వారాలు కూడా గడవని వారు ఈ నాలుగు రోజుల రాతను ఇప్పుడు మొదలుపెట్టవద్దు. పచ్చి పుండును కెలకడం మంచిది కాదు. కొన్ని నెలలు గడిచాక మొదలుపెట్టండి, లేదా వేరే సంగతిని ఎంచుకోండి.

నాలుగవ రోజు రాత ముగిశాక, రాసిందంతా చదువుకుంటూ "బాధ" అనే మాట వచ్చిన చోటల్లా గీత గీయండి. ఒక్కొక్క గీత దగ్గర ఆగి, అది నిజంగా ఏ రకమైన బాధో అడగండి. దూరాన ఉన్న మనిషి కోసం పడేది బెంగ. రాబోయే దాని గురించి కడుపులో తిప్పేది గుబులు. పైకి కనిపించకుండా లోపల లోపల తినేసేది రంది. అనలేక మింగిన కోపం ఉక్రోషం. కారణం తెలియకుండా సాయంకాలం కమ్ముకునేది దిగులు. మన భాషకు ఇన్ని మాటలు ఉండగా అన్నిటికీ "బాధ" అనో "టెన్షన్" అనో ఒక్క మాట వాడేస్తున్నాం. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మెదడును స్కాన్ చేస్తూ, ఆవేశం నిండిన ముఖాల చిత్రాలను కొందరికి చూపించారు. ఆ ముఖంలోని భావానికి సరైన పేరు పెట్టినప్పుడు, భయానికీ కలవరానికీ ముందుగా స్పందించే అమిగ్డలా అనే భాగం చురుకుదనం తగ్గింది. కాబట్టి సరైన పేరు వెతకడం భాషాభిమానం కోసం చేసే పని మాత్రమే కాదు. బెంగ అయితే ఫోన్ చేసి మాట్లాడవచ్చు. గుబులు అయితే దేనికి గుబులో లెక్క వేసుకోవచ్చు. "బాధ" అయితే ఏం చేయాలో తోచదు.

బాధను కాదు, ఒక వస్తువును పట్టుకోండి

ఇక పాట. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. గుండె, కన్నీరు, చీకటి, శూన్యం, లోకం అనే మాటలతో మొదలుపెట్టి నాలుగు చరణాలు రాసేసి, తాము రాసింది తమకే కొత్తగా అనిపించక వదిలేస్తారు. నేనూ అలాగే చేశాను కాబట్టి నా సంగతే చెబుతాను.

మా నాయన పాలమూరు కూలీ. దసరా పోయాక, కూలీలను పనికి తీసుకెళ్ళే గుంపు మేస్త్రీ వెంట వెళ్ళేవాడు, మిరుగం (మృగశిర కార్తె, వానలు మొదలయ్యే కాలం) ముంగిట్లోకి వచ్చేనాటికి తిరిగి వచ్చేవాడు. ప్రాజెక్టు కట్టలు, కాలువలు, పట్నంలో మేడలు, ఏ పని దొరికితే ఆ పని. ఆయన పోయిన తరువాత నాకు నెలల తరబడి రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేది, తెల్లవారేదాకా కన్ను మూతపడేది కాదు. పాట కడదామని కూర్చున్నప్పుడు మొదట వచ్చిన చరణం ఇది:

నువ్వు లేక నేను లేను ఉయ్యాలో

లయకు సరిగ్గా సరిపోయింది. కానీ ఎన్నిసార్లు పాడినా గొంతులో ఏమీ కదలలేదు. రెండు రోజుల తరువాత ఆయన రేకుపెట్టె తెరిచాను. అందులో రెండు అంగీలు, ఒక తువ్వాల, అడుగున పాత రేషన్ కార్డు ఉన్నాయి. పై అంగీ కుడి చేతి మడత మీద మాలు మరక ఒకటి, బొటనవేలి గోరంత, రాయిలా గట్టిపడి ఉంది. సిమెంటు, ఇసుక కలిపిన దాన్ని కూలీలు మాలు అంటారు. దాన్ని గోటితో గీకబోయి ఆగిపోయాను. ఆ రాత్రి చరణాలు వాటంతట అవే వచ్చాయి.

రేకుపెట్టె మూతదీస్తె ఉయ్యాలో
సున్నపూత వాసనొచ్చె ఉయ్యాలో
మడతబెట్టినంగి మీద ఉయ్యాలో
మాలు మరక అట్లె ఉంది ఉయ్యాలో

ఇందులో ఏడుపు అనే మాట లేదు, గుండె అనే మాట లేదు. కానీ పాడిన ప్రతిసారీ గొంతు పట్టుకునేది. అందుకే చెబుతున్నాను, మీ నాలుగు రోజుల రాతలో చేతితో తాకగల వస్తువు ఏది ఉందో వెతకండి. అమ్మ చేతికర్ర కావచ్చు, అమ్మేసిన ఎడ్ల మెడగంటలు కావచ్చు, ఎండిపోయిన బోరు మీది మోటారు పెట్టె కావచ్చు, కొడుకు వదిలి వెళ్ళిన బడి సంచి కావచ్చు. ఆ ఒక్క వస్తువును అయిదు నిమిషాలు ఎదురుగా పెట్టుకొని, రంగు, వాసన, బరువు, మరక, పగులు, కనిపించినదల్లా రాయండి. వస్తువును చూస్తున్నంత సేపూ మనసు తన చుట్టూ తాను తిరగడం ఆపి బయటికి చూస్తుంది. ఆ కాసేపటి విడుదలే శరీరానికి మొదటి విశ్రాంతి.

పాట నడకను, అంటే లయను, తెలిసిన పాటల నుంచి తీసుకోండి

కొత్త బాణీ కట్టాలని పట్టుపట్టవద్దు. చిన్నప్పటి నుంచి మీ చెవిలో ఉన్న బతుకమ్మ పాట, కోలాటం పాట, నాటు పాట, భజన, జాజిరి పాట, పీర్ల పండుగ నాడు గుండం చుట్టూ ఆడే పాట, వీటిలో దేని బాణీనైనా తీసుకొని మీ మాటలు అందులో పోయండి. సంగీత చికిత్స చేసేవారు కూడా రోగితో మొదటిసారి పాట కట్టించేటప్పుడు తెలిసిన పాటలో కొన్ని మాటలు ఖాళీగా వదిలి, ఆ ఖాళీలను రోగి చేత నింపించే పద్ధతిని వాడుతారు. మన అమ్మమ్మలు ఎప్పటినుంచో చేస్తున్నదీ అదే.

లయ సరిచూసుకోవడానికి మాత్రలు, అంటే అక్షరం పలికే కాలపు కొలతలు, లెక్కపెట్టడం నేర్చుకుంటే చాలు. పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు, సున్న ఉన్న అక్షరానికి రెండు, ఒత్తక్షరానికి ముందున్న అక్షరానికి రెండు. పైన ఇచ్చిన పాటలో రేకు, పెట్టె, మూత, దీస్తె, ప్రతి ముక్కకూ మూడేసి మాత్రలు వస్తాయి. తకిట తకిట తకిట తకిట అని మోకాలి మీద చరుస్తూ పాడి చూడండి, తేడా వస్తే చేయి ముందే చెబుతుంది. మూడు మాత్రల నడక ఊగుతుంది, అందుకే జోలకూ బతుకమ్మకూ సరిపోతుంది. నాలుగు మాత్రల తకధిమి అడుగులు వేసే నడక. కోపం, పట్టుదల, ప్రయాణం ఉన్న పాటకు అది బాగుంటుంది. అయిదు, ఏడు మాత్రల నడకలు మొదటి నెలలో అక్కరలేదు. డప్పు, చిరుతలు, డోలక్ ఇంట్లో ఉంటే సంతోషం. లేకపోతే స్టీలు పళ్ళెం బోర్లించి వేళ్ళతో కొట్టినా చాలు.

ఒక మాటకు సరిపడే మూడు మాత్రల మాట కోసం వెతుకుతున్నప్పుడు అప్పుల లెక్క గానీ, పక్కింటివారి మాట గానీ తలలో నిలవదు. బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, పాలు కాగుతున్నప్పుడు, పత్తి ఏరుతున్నప్పుడు ఈ వెతుకులాట చేయండి. రోజుకు ఒక్క చరణం దొరికితే చాలు.

పల్లవి తిరగాలి, పాట కదలాలి

ఈ మెట్టు మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే పాట మేలు చేసేదీ, కొన్నిసార్లు కీడు చేసేదీ ఇక్కడే. దిగులుపడే మనిషి మనసు కూడా పాట లాగే పల్లవి పాడుతుంది. "నా వల్లనే ఇలా అయింది", "ఇక ఏమీ మిగల్లేదు" అని ఒకటే మాట వందసార్లు తిరుగుతుంది. పాటలో పల్లవి తిరిగినా, దానికి ముందు ప్రతిసారీ ఒక కొత్త చరణం వస్తుంది. ఆ చరణం కొత్త సంగతి చెప్పడం వల్ల తిరిగి వచ్చిన పల్లవి కొంచెం మారిన అర్థంతో వినిపిస్తుంది. దిగులుకూ పాటకూ ఉన్న తేడా అదే. మీ పాటలో మూడవ చరణం మొదటి చరణాన్నే వేరే మాటలతో చెబుతుంటే అది ఇంకా పాట కాలేదు, దిగులే బాణీ కట్టుకుంది.

పెన్నెబేకర్ తరువాతి కాలంలో తన దగ్గర రాసినవారి రాతల్లోని మాటలను లెక్కపెట్టి చూశాడు. మొదటి రోజు కంటే చివరి రోజు "ఎందుకంటే", "అందువల్ల", "ఇప్పుడు తెలిసింది" వంటి మాటలు పెరిగినవారి ఆరోగ్యమే ఎక్కువగా మెరుగుపడింది. అంటే బాధను వెళ్ళబోసుకోవడం ఒక్కటే చాలదు, దాన్ని అర్థం చేసుకుంటూ ముందుకు కదలాలి. దీన్ని పాటకు అన్వయించుకుంటే ఒక సులువైన పద్ధతి దొరుకుతుంది. మొదటి చరణంలో వస్తువును చూపించండి. రెండవ చరణంలో ఆ వస్తువుతో ఆ మనిషి ఏం చేసేవాడో చెప్పండి. మూడవ చరణంలో ఎందుకు అని అడగండి. చివరి చరణంలో ఈ రోజు మీరు నిలబడిన చోటు నుంచి కనిపించేది చెప్పండి. చివర సంతోషంగా ఉండాలన్న నియమం ఏమీ లేదు, బలవంతపు ఓదార్పు పాడేవాడి గొంతుకే నచ్చదు. మొదటి చరణం రాసేనాటికి మీకు కనబడనిది ఒకటి చివరి చరణంలో కనబడితే చాలు.

నా పాట చివర ఇలా ముగిసింది:

ఎన్ని ఊర్ల కట్టగట్టి ఉయ్యాలో
ఎవని చెరువు నింపినావొ ఉయ్యాలో
మనది బీడు మనకె ఉండె ఉయ్యాలో
నువ్వు రాక వాన వచ్చె ఉయ్యాలో

చివరి చరణం దొరికిన నాడు మొదట రాసిన "నువ్వు లేక నేను లేను" అన్నది ఎందుకు కదలలేదో తెలిసింది. అది నిజం కాదు. నేను ఉన్నాను, వాన కూడా వచ్చింది, వాన వచ్చేనాటికి తిరిగి రావలసిన ఆయన మాత్రం రాలేదు. ఆ సంగతిని ఉన్నది ఉన్నట్టు చెప్పిన తరువాత రెండు గంటల మెలకువ ఒక్కసారిగా పోలేదు గానీ, మెలకువ వచ్చినప్పుడు పాడుకోవడానికి ఒకటి ఉండేది. నా నోట్‌బుక్‌లో నిద్ర అంకెలు అయిదవ వారం నుంచి మారాయి.

గొంతెత్తి పాడండి

కాగితం మీద ఆగిపోయిన పాట సగం మేలే చేస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి గుండె వేగాన్ని కొంచెం నెమ్మదింపజేస్తుంది. పాడడం అంటే ఊపిరిని పొడుగ్గా, కొలిచి వదలడమే. 2001లో ఇటలీ పరిశోధకులు క్రైస్తవుల లాటిన్ జపమాల ప్రార్థననూ, ఒక యోగ మంత్రాన్నీ జపించేవారిని పరీక్షించినప్పుడు, ఆ జపం శ్వాసను నిమిషానికి దాదాపు ఆరుసార్లకు తీసుకువచ్చిందనీ, రక్తపోటును ఎప్పటికప్పుడు సరిదిద్దే నాడుల స్పందన మెరుగైందనీ కనుగొన్నారు. మామూలుగా పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు.

ఇప్పుడు మన పాటను కొలిచి చూడండి. ఒక చరణంలో 12 మాత్రలు, ఉయ్యాలోకు 6, మొత్తం 18. సెకనుకు ఒక తకిట చొప్పున తీరికగా పాడితే చరణానికి 6 సెకన్లు పడుతుంది. తరువాత ముక్కుతో, భుజాలు ఎగరకుండా, పొట్ట నిండేలా 4 సెకన్లు ఊపిరి తీసుకుంటే ఒక విడతకు 10 సెకన్లు, నిమిషానికి ఆరు విడతలు. పాట పూర్తిగా ఒకసారి పాడి, మళ్ళీ మొదటి నుంచి అందుకుంటూ ఉదయం అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు ఇలా పాడండి. తల తిరిగితే ఆపి మామూలుగా ఊపిరి పీల్చుకోండి, మరునాడు తక్కువ గొంతుతో పాడండి.

కొందరికి ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పెద్దలలో వెన్నెముకతో పాటు పక్కటెముకల కీళ్ళు కూడా బిగుసుకుపోయి ఛాతీ సరిగా విచ్చుకోదు. అలాంటివారు నేల మీద కాకుండా చేతులున్న కుర్చీలో వెనక్కి ఆని కూర్చొని, ఒక్కో చరణాన్ని రెండు ముక్కలుగా విరిచి, ముక్కకు ఒక ఊపిరితో పాడాలి. వారి పాటను కట్టేటప్పుడే చరణాలు పొట్టిగా ఉండేలా చూడండి. ఆస్తమా ఉన్నవారు మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్) దగ్గర పెట్టుకోవాలి. గొంతు బొంగురుపోతే పాడడం ఆపి గోరువెచ్చని నీళ్ళు తాగుతూ విశ్రాంతి ఇవ్వండి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చెవి ముక్కు గొంతు వైద్యులకు తప్పక చూపించుకోండి, పొగాకు, గుట్కా, బీడీ అలవాటు ఉన్నవారు మరీ ఆలస్యం చేయవద్దు.

పక్షవాతంతో మాట పోయిన కొందరు, మాట్లాడలేని ముక్కనే పాటలో పలకగలుగుతారు. ఎడమ మెదడు దెబ్బతిన్న వారికి రాగం ద్వారా మాట నేర్పే పద్ధతిని 1970లలో అమెరికాలోని బోస్టన్‌లో రూపొందించారు. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే స్పీచ్ థెరపిస్టు సలహాతో "నీళ్ళు గావాలె", "ఆకలైతుంది" వంటి నాలుగు ముక్కలను వారికి తెలిసిన బాణీలో కట్టి, వారి ఎడమ చేతిని పట్టుకొని తాళం వేస్తూ కలిసి పాడండి.

ఒకరికి వినిపించండి, తరువాత జట్టులో పాడండి

పాట పూర్తికాగానే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దు, యూట్యూబ్‌లో ఎక్కించవద్దు. కనీసం రెండు వారాలు ఆగండి. ఎంతమంది చూశారన్న అంకె మొదలైతే మీ నోట్‌బుక్‌లోని అంకెలు వెనుకబడిపోతాయి. మొదట ఒక్కరికి వినిపించండి. ఆ ఒక్కరు పాటలో తప్పులు వెతికేవారు కాకుండా, విన్న తరువాత కాసేపు ఊరుకోగలిగినవారు కావాలి. వదిన కావచ్చు, బాల్య స్నేహితుడు కావచ్చు, భజన మందిరంలో పక్కన కూర్చొనే తాత కావచ్చు. పాటలో ఇంకొకరి ఇంటి గుట్టు ఉంటే పేరు మార్చండి, ఊరు మార్చండి, అవసరమైతే కోడలి బాధను పిట్ట బాధగా చెప్పండి. మన బతుకమ్మ పాటల్లో ఎందరో ఆడపడుచులు తమ కష్టాన్ని దేవతల కథల చాటున చెప్పుకున్నారు.

మగవారికి ఒక మాట. తండ్రి పోయినా, పంట పోయినా పెదవి బిగించి తిరిగేవారు ఇక్కడ ఎక్కువ. అన్నా, నాలుగు మాటలు ఎదురుగా చెప్పడం కష్టమైతే పాటగా చెప్పండి. పాటలో గొంతు వణికినా ఎవరూ తప్పుపట్టరు.

తరువాత జట్టు. వంత పాడేవారు నలుగురు ఉంటే పాడే మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. తన మాటను నలుగురి గొంతులో తిరిగి వినడం అన్నది ఏ మందూ ఇవ్వలేని ఊరట. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు కలిసి పాడే యువతీయువకుల గుండె వేగాన్ని కొలిచి, వారి ఊపిరి పాటతో ఒకటి కావడం వల్ల గుండె వేగాలు కూడా ఒకేసారి పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయని చూపించారు. పెత్రమాస (మహాలయ అమావాస్య) నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది సాయంత్రాలు తంగేడు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మల చుట్టూ చప్పట్లు చరుస్తూ తిరిగే ఆడవారు నడక, పాట, ఊపిరి అన్నీ కలిపి చేస్తున్నారు. పండుగ దాకా ఆగనక్కరలేదు. వారానికి ఒక సాయంత్రం, శనివారం భజన తరువాతనో, మహిళా సంఘం సమావేశం ముగిశాకనో అరగంట కేటాయించి, ఒక్కొక్కరు ఒక్కొక్క చరణం కలిపే అలవాటు చేయండి. మతిమరుపు వచ్చిన ముసలివారిని కూడా ఆ జట్టులో కూర్చోబెట్టండి. నిన్నటి అన్నం గుర్తులేనివారికి కూడా పాతకాలపు పాట నాలుకపైన నిలిచి ఉండడం మీరు చూస్తారు. ఆ పాటలో వారి ఊరి పేరు, వారి పేరు కలిపి పాడితే ముఖం వెలుగుతుంది.

ఎప్పుడు ఆపాలి, ఎవరిని కలవాలి

రెండు వారాలు రాసి, పాడిన తరువాత నిద్ర తగ్గి, మనసు బరువు అంకె పెరుగుతూ పోతుంటే ఆ పాటను మడిచి పెట్టెలో పెట్టండి. రెండు వారాలకు పైగా ప్రతిరోజూ దిగులు, ఆకలి లేకపోవడం, ఏ పని మీదా మనసు పోకపోవడం ఉంటే వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలన్న తలపు మీ పాటలోకి గానీ, ఇంట్లోవారి మాటల్లోకి గానీ వస్తే దాన్ని కవిత్వంగా తీసుకోవద్దు. నేరుగా అడగండి, ఒంటరిగా వదలవద్దు, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలను ఆ రోజే వేరే ఇంటికి చేర్చండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

రెండవ పాట

నెల రోజులు పూర్తయిన నాడు నోట్‌బుక్ తెరిచి మొదటి వారం అంకెలనూ, చివరి వారం అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. నిద్ర అరగంట పెరిగినా, బరువు ఒక అంకె తగ్గినా అది మీ లాభమే. ఏ మార్పూ లేకపోతే రాతను తగ్గించి జట్టులో పాడడాన్ని పెంచి మరో నెల చూడండి, కొందరికి మాట కంటే గొంతే ఎక్కువ పనిచేస్తుంది. పాట కింద తేదీ, ఊరు రాసి పెట్టుకోండి.

రెండవ పాటను మాత్రం దుఃఖం మీద కట్టవద్దు. తోటలో బత్తాయి పూత వాసన వచ్చిన ఉదయం, కోయిలసాగర్ జలాశయం నిండిందన్న కబురు, కొత్త కోడలు మొదటిసారి చేసిన సర్వపిండి అంచు మాడిన సంగతి, ఇలాంటిది ఒకటి ఎంచుకోండి. ఈసారి నాలుగు రోజుల రాత అక్కరలేదు. వస్తువును ఎదురుగా పెట్టుకొని, మోకాలి మీద తకధిమి వేసుకుంటూ, మొదటి చరణం ఎత్తుకోండి.